పని చూపినవారే పడకా చూపాలి

2024 అక్టోబర్‌లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు మొదటి విడతలో కంపెనీలు చూపిన అవకాశాలు సుమారు 1.27 లక్షలు. అభ్యర్థులకు అందిన ఆఫర్లు 82 వేల పైచిలుకు. వాటికి సరేనన్నవి 28 వేలు. తీరా సంచి సర్దుకుని వెళ్ళి చేరినవాళ్ళు దాదాపు 8,700 మంది. దేశంలోని 500 పెద్ద కంపెనీల్లో అయిదేళ్ళలో కోటిమందికి పని నేర్పాలన్న లక్ష్యంతో మొదలైన పథకం మొదటి మెట్టులోనే ఇంత సన్నబడింది. ఎందుకిలా అయిందని అడిగితే ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన కారణాల్లో పని జరిగే చోటు దూరం కావడం ఒకటి. ఏడాది పాటు సాగే వ్యవధి, నచ్చని పని మిగతావి.

ఆ దూరాన్ని రూపాయల్లోకి మార్చి చూస్తే సంగతి తేటపడుతుంది. ఆ విడతలో పథకం కింద నెలకు అందింది 5,000 రూపాయలు. అందులో 4,500 ప్రభుత్వానిది, 500 కంపెనీది. చేరేటప్పుడు ఒక్కసారి 6,000 ఇచ్చారు. హైదరాబాద్‌లో మాదాపూర్, కొండాపూర్ వైపు భోజనంతో కలిపి ముగ్గురు పంచుకునే గదిలో ఒక మంచానికి ఈ 5,000 చాలవు. అంటే భృతి మొత్తం పడకకే పోయి, ఇంకా ఇంటినుంచి తెప్పించుకోవాలి. బస్సు, ఫోను, సబ్బు ఖర్చులు వేరే. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటనివాళ్ళకే ఈ పథకం. నెలనెలా ఇంటికి ఎంతోకొంత పంపాల్సిన పిల్లలకోసం పెట్టిన పథకం, ఇంటినుంచే తెప్పించుకునేవాళ్ళు మాత్రమే నిలబడగలిగేలా తయారైంది.

ఇంటర్న్‌లకు ఎవరు ఎంత ఇవ్వాలన్న చర్చ మన దగ్గర ఏళ్ళుగా నడుస్తోంది. ఎక్కడ ఉంటారన్నది మాత్రం చర్చకే రాదు. అది పిల్లవాడి సొంత వ్యవహారమనీ, తండ్రో మేనమామో చూసుకుంటారనీ వదిలేస్తారు. కానీ కొత్త ఊళ్ళో రెండు నెలలో ఆరు నెలలో తల దాచుకునే చోటు దొరుకుతుందా లేదా అన్నదే, ఆ అవకాశం ఎవరికి దక్కుతుందో తేలుస్తోంది. కంపెనీ పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి, పదిమందిని ఎంపిక చేశానని అనుకుంటుంది. అసలు ఎంపిక అంతకు ముందే, ఆ నగరంలో బంధువులున్నవాళ్ళు, లేనివాళ్ళు అన్న లెక్కలో జరిగిపోయి ఉంటుంది. అందుకే వసతిని దయగా ఇచ్చే అదనపు సౌకర్యంగా చూడకూడదు. యంత్రానికి కరెంటు, కంప్యూటరుకు లైసెన్సు ఎంత అవసరమో ఇంటర్న్‌కు పడుకునే చోటు అంత అవసరం. ఆ ఖర్చు యజమాని ఖాతాలోనే ఉండాలి.

పార్వతీపురం దగ్గరి ఊరినుంచి ఒక డిగ్రీ విద్యార్థిని రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కు హైదరాబాద్ వచ్చిందనుకుందాం. స్టేషన్‌లో దిగి గచ్చిబౌలి సందుల్లో బోర్డులు చదువుకుంటూ తిరుగుతుంది. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. తక్కువలో వచ్చేది ఫోర్ షేరింగే. ఒక నెల అద్దె ముందు కట్టాలి. అడ్వాన్సు వేరు. అందులో మెయింటెనెన్స్ పేరుతో కొంత తిరిగి రాదు. ఖాళీ చేయాలంటే నెల ముందు చెప్పాలి. రెండు నెలలకు వచ్చిన పిల్ల, గది చేరిన నెల తిరక్కుండానే ఖాళీ చేస్తున్నానని నోటీసు ఇచ్చుకోవాలి. మరిచిపోతే అడ్వాన్సు పోయినట్టే.

గదిలో నాలుగు మంచాలు, వాటి మధ్య సూట్‌కేసు పట్టేంత జాగా. కిటికీ తెరిస్తే చేతికందే దూరంలో పక్క భవనం గోడ. ఒకరు అమెరికా వేళల్లో పనిచేసి తెల్లవారుజామున నాలుగింటికి వస్తారు. ఇంకొకరు ఆరింటికి లేచి బస్సు పట్టుకోవాలి. లైటు ఒకటే. రాసుకోవడానికి బల్ల లేదు, ల్యాప్‌టాప్ ఒళ్ళోనే. ఉదయం ఎనిమిదికి స్నానాల గది ముందు వరుస. ఆ వరుస దాటి, టిఫిన్ తిన్నాననిపించి, ఆటోలో ఆఫీసుకు చేరి, మొదటి రోజే చురుగ్గా కనిపించాలి. పక్క కుర్చీలో కూకట్‌పల్లిలో సొంతిల్లున్న అమ్మాయి కూర్చుంటుంది. రెండు నెలల తర్వాత ఇద్దరి పనినీ పోల్చి ఒకరికి ఉద్యోగం ఇస్తారు.

ఈ హాస్టళ్ళలో బాగా నడిపేవీ ఉన్నాయి. ఆదివారం చికెన్, రోజూ వేడినీళ్ళు, గేటు దగ్గర నమ్మకమైన ఆంటీ, అన్నీ ఉన్నవి. వాటిని తీసిపారేయడం న్యాయం కాదు, నగరం నిలబడిందే వాటి మీద. అయితే ఏది మంచిదో కొత్తగా దిగినవాళ్ళకు తెలియదు. 2024 నవంబర్‌లో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో చిన్న జాగాలో లేచిన అయిదంతస్తుల భవనం ఒకటి పక్క స్థలంలో పునాది తవ్వుతుండగా ఒరిగిపోయింది. అందులోవాళ్ళను రాత్రికి రాత్రి బయటికి పంపి, తర్వాత కూల్చేశారు. ఆ చుట్టుపక్కల వీధులన్నీ అలా ఒకదాన్నొకటి ఆనుకుని లేచిన కట్టడాలే. నెలరోజుల కోసం వచ్చిన విద్యార్థి భవనానికి అనుమతి ఉందా, మంటలొస్తే దిగడానికి రెండో మెట్లదారి ఉందా అని అడిగి తెలుసుకోగలడా? కంపెనీలో అడ్మిన్ విభాగం ఒక్క ఫోనుతో తెలుసుకోగలదు.

తెలుగునాట ఈ ప్రశ్నకు ఇంకో కోణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ చదువులో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టరు మొత్తం. ఆలోచన మంచిదే. తరగతి గది దాటి పని చూడాలన్నదాన్ని ఎవరూ కాదనరు. కానీ పని చూపే సంస్థలు విశాఖ, విజయవాడ, హైదరాబాద్, బెంగళూరుల్లో గుమిగూడి ఉన్నాయి. కళాశాలలు పలాసలో, మార్కాపురంలో, మదనపల్లెలో ఉన్నాయి. మధ్యలో వసతి లేకపోతే ఏమవుతుందో లెక్చరర్లందరికీ తెలుసు. పిల్లలు ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ అంటూ ఇంట్లోనే వీడియోలు చూస్తారు, ఊళ్ళోని కంప్యూటర్ సెంటర్ ఇచ్చే సర్టిఫికెట్‌తో సరిపెట్టుకుంటారు. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. గుంటూరులో ఆరు నెలలు గది తీసుకునే స్థోమత ఉంటే వాళ్ళూ వెళ్ళేవారు.

నేర్చుకునేవారికి వసతి చూపడం ఈ నేలకు కొత్తేమీ కాదు. విశాఖ ఉక్కునగరం, రామగుండం ఎన్‌టీపీసీ లాంటి ప్రభుత్వ రంగ టౌన్‌షిప్‌లు ఉద్యోగుల క్వార్టర్లతోపాటు శిక్షణకు వచ్చినవాళ్ళ బసనూ లెక్కలోకి తీసుకునే పెరిగాయి. అప్పట్లో ఊరికి దూరంగా కర్మాగారం కట్టేవాళ్ళకు వేరే దారి లేదు. వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులు గ్రామాలకు వెళ్ళి, రైతు కుటుంబాలతో కలిసి ఒక పంటకాలం గడపడం కోర్సులోనే భాగం. ఆసుపత్రుల్లో హౌస్ సర్జన్ల సంగతీ అంతే. వైద్య కళాశాల కనీస ప్రమాణాల్లో హాస్టల్ ఒకటి.

రాసుకున్నది వేరు, ఉన్నది వేరు. 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగినప్పుడు స్టైపెండు సకాలంలో ఇవ్వాలన్నదాంతో పాటు హాస్టల్ భవనాలు కట్టాలన్నదీ ప్రధాన డిమాండు. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో ఘోరం జరిగింది. సుదీర్ఘమైన డ్యూటీ మధ్యలో కాస్త నడుం వాల్చడానికి పీజీ వైద్యురాలు సెమినార్ హాలుకు వెళ్ళాల్సి వచ్చింది. అక్కడే ఆమెపై అత్యాచారం చేసి చంపేశారు. సుప్రీంకోర్టు ఆ కేసును తనంతట తాను చేపట్టి, డ్యూటీలో ఉన్న వైద్యులకు సరైన విశ్రాంతి గదులు కూడా లేకపోవడాన్ని ఎత్తిచూపింది, జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. ఒక గది, లోపలినుంచి గడియ, బయట వెలుతురు. ఇంతమాత్రం ఏర్పాటు చేయలేని సంస్థ నేర్పడానికి పిలవడమే తప్పు.

విదేశాల్లో ఈ సమస్యను పెద్ద కంపెనీలు ఎప్పుడో గుర్తించాయి. అమెరికాలో వేసవి ఇంటర్న్‌షిప్ 10 నుంచి 12 వారాలు. ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే సాధారణంగా ఏడాది ఒప్పందం, పైగా క్రెడిట్ చరిత్ర కావాలి. ఈ రెండూ పొసగవు. అందుకే మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థలు ఇంటర్న్‌లకు సామాన్లతో సహా అమర్చిన అపార్ట్‌మెంట్ ఇస్తాయి, లేదా వసతికోసమని విడిగా డబ్బిస్తాయి. ఎంపిక ఇంటర్న్‌ది. చిన్న కంపెనీలో అవకాశం వచ్చిన మన పిల్లల పాట్లు చూస్తే ఆ ఏర్పాటు విలువ తెలుస్తుంది. టెక్సస్‌లోనో మిస్సోరీలోనో ఎంఎస్ చదువుతూ వేసవికి కాలిఫోర్నియా వెళ్ళాల్సిన తెలుగు విద్యార్థి రెండు నెలల ముందునుంచే వాట్సాప్ గ్రూపుల్లో అకామడేషన్ కావాలని అడుగుతుంటాడు. చదివే ఊళ్ళో తన గదికి అద్దె కడుతూనే కాలిఫోర్నియాలో ఎవరి హాల్లోనో పరుపు మీద పడుకోవాలి.

ఐక్యరాజ్యసమితి కూడా ఈ విషయంలో తలదించుకోవాల్సి వచ్చింది. 2015 ఆగస్టులో జెనీవాలో జీతంలేని ఇంటర్న్‌గా చేరిన 22 ఏళ్ళ న్యూజిలాండ్ యువకుడు సరస్సు ఒడ్డున గుడారం వేసుకుని ఉంటున్నాడని స్థానిక పత్రిక రాసింది. ప్రపంచంలోనే ఖరీదైన నగరాల్లో జెనీవా ఒకటి. అతను రాజీనామా చేశాడు. ఇంటర్న్‌లు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఇంటర్న్‌లకు భృతి ఇవ్వడం 2020లో మొదలుపెట్టింది. అంతదాకా అక్కడ పని నేర్చుకునే భాగ్యం ఎక్కువగా ధనిక దేశాల పిల్లలకే దక్కిందంటే ఆశ్చర్యం ఏముంది!

అయితే యజమాని చూపే గదికి ఒక ముళ్ళకంచె కూడా ఉంటుంది. దాన్ని దాచి వసతి ఇవ్వండి, ఇవ్వండి అనడం సగం నిజమే చెప్పడం. 2011 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని పామైరాలో వందలమంది విదేశీ విద్యార్థులు పని ఆపేసి బయటికొచ్చారు. సాంస్కృతిక వినిమయ వీసా మీద అమెరికా చూడ్డానికి వచ్చి, హెర్షీ చాక్లెట్లు ప్యాక్ చేసే కేంద్రంలో బరువులెత్తే పనిలో పడ్డారు వాళ్ళు. ఆ కేంద్రాన్ని నడిపింది ఒక కాంట్రాక్టరు. ఇరుకు గదుల అద్దెను జీతంలోంచి కోసుకుంటే చేతికొచ్చేది నామమాత్రమైందన్నది వాళ్ళ ప్రధాన ఆరోపణ. ఇచ్చిన చేత్తోనే తీసుకునే ఏర్పాటు అది. ఫ్లోరిడాలో డిస్నీ సంస్థ కళాశాల కార్యక్రమంలో చేరేవాళ్ళకోసం 10 వేలమందికి పైగా పట్టే నివాస సముదాయం ఉంది. గదులు బాగుంటాయి, బస్సులుంటాయి. అక్కడా అద్దె వారంవారం జీతంలోంచే పోతుంది.

మన మైసూరులో ఇంకో రకం చిక్కు బయటపడింది. ఇన్ఫోసిస్ శిక్షణ ప్రాంగణం వందల ఎకరాల్లో, వేలాది గదులతో, భోజనశాలలు, ఆటస్థలాలతో విస్తరించింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు అంత శ్రద్ధగా వసతి కట్టిన కంపెనీలు దేశంలో అరుదు, ఆ మాట చెప్పి తీరాలి. అక్కడ కొన్ని నెలలు గడిపి వచ్చిన తెలుగు ఇంజినీర్లు ఆ రోజుల్ని ఇప్పటికీ ఇష్టంగా తలుచుకుంటారు. 2025 ఫిబ్రవరిలో, పరీక్షల్లో మూడుసార్లు అవకాశమిచ్చినా గట్టెక్కలేదంటూ కంపెనీ 300 మందికి పైగా ట్రైనీలను తొలగించింది. అదేరోజు సాయంత్రానికల్లా ప్రాంగణం ఖాళీ చేయమన్నారని పత్రికలు రాశాయి. నిబంధనల ప్రకారమే చేశామని కంపెనీ చెప్పింది. ఆ వాదన ఎలా ఉన్నా, ఉద్యోగమూ గదీ ఒకే తాడుకు కట్టి ఉంటే, తాడు తెగిన పూట పిల్లలు పెట్టెలతో రోడ్డుమీద నిలబడాల్సి వస్తుంది. ఇంటికి ఫోను చేసి ఏమని చెప్పాలో ఆలోచించుకునే వ్యవధి కూడా ఉండదు.

ఆఫీసు పక్కనే గది ఇస్తే రాత్రీ పగలూ పనిచేయించుకోవచ్చన్న దురాశ మూడో చిక్కు. 2013లో లండన్‌లో ఒక అమెరికన్ బ్యాంకు ఇంటర్న్, 21 ఏళ్ళ జర్మన్ యువకుడు, తను ఉంటున్న విద్యార్థి వసతి గృహంలో చనిపోయి కనిపించాడు. వరుసగా రాత్రంతా పనిచేస్తూ వచ్చాడని అప్పట్లో కథనాలొచ్చాయి. మూర్ఛతో చనిపోయాడని విచారణలో తేలింది. అలసట కారణమని కచ్చితంగా చెప్పలేమన్నారు, కాదనీ అనలేదు. ఆ తర్వాత 2015లో గోల్డ్‌మన్ శాక్స్ తన వేసవి ఇంటర్న్‌లు అర్ధరాత్రి నుంచి ఉదయం ఏడింటిదాకా ఆఫీసులో ఉండకూడదని నియమం పెట్టింది. అంటే 17 గంటలు ఉండొచ్చన్నమాట! దాన్నే సంస్కరణగా చెప్పుకున్న రంగం అది.

కాబట్టి వసతి ఇస్తే చాలదు, ఎలాంటిదన్నది ముఖ్యం. శ్రీపెరంబుదూరులో ఆపిల్ ఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ కార్మికులుండే హాస్టల్‌లో 2021 డిసెంబరులో కలుషితాహారం తిని 150 మందికి పైగా ఆడపిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. తోటివారు రోడ్డు మీద బైఠాయించారు. కిక్కిరిసిన గదుల్లో నేలమీద పడుకుంటున్నారనీ, మరుగుదొడ్లలో సరిగా నీళ్ళుండవనీ అప్పుడు లోకానికి తెలిసింది. కొన్ని వసతి గృహాలు తమ ప్రమాణాలకు తగ్గట్టు లేవని ఆపిల్ సంస్థ ఒప్పుకుంది. కొన్నాళ్ళు ఫ్యాక్టరీయే ఆగిపోయింది. 2024 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం అక్కడికి దగ్గర్లోని వల్లం వడగాల్‌లో 706 కోట్లతో కట్టించిన భవనాలను ప్రారంభించింది. అందులో 18,720 మంది మహిళలు ఉండవచ్చు. వీళ్ళు ఇంటర్న్‌లు కారు, కార్మికులు. కానీ ఇంటికి దూరంగా, తొలిసారి బయటికొచ్చిన ఇరవై ఏళ్ళ పిల్లల అవసరాల్లో తేడా ఏముంటుంది?

కొలత కావాలంటే జపాన్‌ను చూడొచ్చు. విదేశాల నుంచి వచ్చే టెక్నికల్ ఇంటర్న్‌లకు పడక గదిలో తలకు కనీసం 4.5 చదరపు మీటర్లు ఉండాలని అక్కడి నిబంధన. అంటే దాదాపు 48 చదరపు అడుగులు. ఆ దేశంలో కూడా ఆ పథకం మీద వేధింపుల ఆరోపణలు తక్కువేమీ కాదు, దాని స్థానంలో కొత్త విధానం తేవడానికి 2024లో చట్టం చేశారు. అయినా ఒక అంకె రాసి ఉండటం వల్ల తనిఖీకి వచ్చినవాడి చేతిలో టేపు ఉంటుంది. గచ్చిబౌలిలో పదికి పది అడుగుల గదిలో నలుగురు ఉంటే తలకు పాతిక చదరపు అడుగులు. జపాన్ కనీసంలో సగం.

మంచి వసతి అంటే స్టార్ హోటల్ అక్కర్లేదు. గదికి ఇద్దరికి మించకుండా ఉండాలి. రాసుకునే బల్ల, తాళం పడే బీరువా, తెరుచుకునే కిటికీ, నిలకడైన నెట్, తాగే నీళ్ళు కావాలి. అరగంటలో ఆఫీసుకు చేరగలగాలి. మంటలొస్తే దిగే దారి ఉండాలి. ఆడపిల్లలకు రాత్రి గేటు దగ్గర మనిషి, ఫిర్యాదు చేయడానికి పైఅధికారి కాని మనిషి ఉండాలి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ట్రైనీలనూ అప్రెంటిస్‌లనూ ఉద్యోగినులుగానే లెక్కిస్తుందన్న సంగతి చాలా కంపెనీలు మరిచిపోతున్నాయి. గది పంచుకోవడంలో కులం, మతం, తిండి అలవాట్ల దగ్గర తగువులొస్తాయి. వాటిని వార్డెన్‌కు వదిలేయకుండా ముందే నియమాలు రాసిపెట్టడం మేలు.

ఖర్చు మాటకొస్తే యాభైమంది ఇంటర్న్‌లు, రెండు నెలలు, మనిషికి నెలకు 10 వేలు అనుకుంటే మొత్తం 10 లక్షలు. ఐటీ కంపెనీలో కాస్త అనుభవమున్న ఒక్క ఇంజినీరు ఏడాది జీతం అంత ఉంటుంది. ఆ యాభైమందిలోంచి రేపు పదిమందిని ఉద్యోగంలోకి తీసుకునే సంస్థకు ఇదొక భారమా? నలుగురైదుగురితో నడిచే స్టార్టప్‌కు, జిల్లా కేంద్రంలోని చిన్న పరిశ్రమకు భారమే. వాటికి మరో దారి ఉంది. హైదరాబాద్ చుట్టూ ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్ వైపు ఇంజినీరింగ్ కళాశాలల హాస్టళ్ళు వేసవి సెలవుల్లో చాలావరకు ఖాళీగా ఉంటాయి. పది చిన్న కంపెనీలు కలిసి ఒక బ్లాకు తీసుకుని బస్సు వేయవచ్చు. సెమిస్టరు నడుమ సాగే ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌లకు ఈ ఉపాయం పనికిరాదు. అప్పుడు పరిశ్రమల పార్కులే హాస్టళ్ళు కట్టాలి. 2024 జులై కేంద్ర బడ్జెట్ పారిశ్రామిక కార్మికులకు డార్మిటరీ తరహా అద్దె ఇళ్ళు కట్టిస్తామంది. అదే ఏడాది చివర్లో నీతి ఆయోగ్ కార్మికుల వసతి మీద ఒక నివేదికే ఇచ్చింది. ఈ రెండింట్లోనూ నేర్చుకునేవాళ్ళకు కొన్ని పడకలు కేటాయించమని రాష్ట్రాలు అడగాలి.

గది వద్దు, డబ్బివ్వండి అనేవాళ్ళూ ఉంటారు. పిన్నిగారింట్లో ఉండేవాళ్ళకు గది ఎందుకు? వాళ్ళకు డబ్బే ఇవ్వాలి. కానీ మొత్తం ఏర్పాటునే డబ్బుగా మార్చేస్తే సమస్య మళ్ళీ మొదటికొస్తుంది. కొత్త ఊళ్ళో, రెండు నెలలకు, అడ్వాన్సు పోకుండా గది వెతుక్కోవడం 20 ఏళ్ళవాళ్ళకు డబ్బున్నా కష్టమే.

చట్టం ఈ పిల్లల్ని దాదాపుగా చూడటం లేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఉద్యోగి నిర్వచనం నుంచి అప్రెంటిస్ చట్టం కిందివాళ్ళను మినహాయించాయి. కళాశాల పంపిన ఇంటర్న్ ఆ అప్రెంటిస్ లెక్కలోకి కూడా రాడు. పన్ను విషయం ఇంకా విచిత్రం. 2024లో జీఎస్టీ మండలి హాస్టళ్ళ మీద భారం తగ్గిస్తూ, నెలకు మనిషికి 20 వేలు దాటని వసతికి మినహాయింపు ఇచ్చింది. అయితే వరుసగా 90 రోజులు ఉండాలన్న షరతు పెట్టింది. రెండు నెలల ఇంటర్న్ ఆ షరతుకు అందడు. ఇంటర్న్‌లకోసం సంస్థలు తీసుకునే పడకలకు ఈ గడువును 45 రోజులకు దించాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రులూ మండలిలో అడగవచ్చు.

కంపెనీలైతే మండలి కోసం ఆగక్కర్లేదు. వచ్చే వేసవికి పంపే ఆఫర్ లెటర్‌లో నాలుగు వాక్యాలు చేర్చితే చాలు: గది ఏ వీధిలో ఉంది, గదికి ఎందరు, అద్దె భృతిలోంచి కోయబోము, మధ్యలో పని ఆగిపోయినా రెండు వారాలదాకా గది మీదే.